పరామర్శకు ఏమని బదులివ్వాలి?

తల్లో తండ్రో పోయిన మనిషికి దుఃఖంతోపాటు ఒక పని కూడా మీద పడుతుంది. అది జవాబులు చెప్పే పని. ఫోను మోగుతూనే ఉంటుంది. సందేశాలు వస్తూనే ఉంటాయి. ఎవరో ఒకరు వచ్చి పలకరించి పోతుంటారు. అందరూ అడిగేది ఇంచుమించు ఒకటే. ఎలా జరిగింది, నువ్వెలా ఉన్నావు, అమ్మ ఎలా ఉంది, ఏమైనా కావాలా? అడిగేవారు ఒక్కసారే అడుగుతారు. చెప్పేవారికి మాత్రం అది ఆ పూటకు పదో జవాబో పదిహేనో జవాబో అయి ఉంటుంది. దుఃఖంలో ఉన్నవారిని ఎలా ఓదార్చాలో చెప్పేవారికి కొదవ లేదు. ఆ ఓదార్పును అందుకునే మనిషి ఎంతవరకు చెప్పాలి, ఏది దాచుకోవచ్చు, ఏది చెప్పకపోయినా తప్పు లేదు అన్నది మాత్రం పెద్దగా ఎవరికీ పట్టదు. ఆదరంగా అడిగినవారికి ఆదరంగా చెప్పాలి, అందులో ఏముంది అనుకుంటారు. నిద్ర లేక, తిండి సహించక, నోట మాట పెగలని స్థితిలో రోజంతా ఆదరంగా ఉండడం ఎంత కష్టమో ఆ స్థితిలో ఉన్నవారికే తెలుస్తుంది.

ఈ కష్టం మనసుకే కాదు, ఒంటికి కూడా. 1942 నవంబరు 28న అమెరికాలోని బోస్టన్ నగరంలో కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్బు తగలబడి 492 మంది చనిపోయారు. ఆ ప్రమాదంలోనూ, ఇతర కారణాల వల్లనూ ఆప్తులను పోగొట్టుకున్నవారిని పరిశీలించి మానసిక వైద్యుడు ఎరిక్ లిండెమన్ 1944లో ఒక వ్యాసం ప్రచురించాడు. దుఃఖం అలలు అలలుగా వస్తుందనీ, ఒక్కో అల 20 నిమిషాల నుంచి గంట దాకా ఉంటుందనీ అందులో రాశాడు. ఆ సమయంలో గొంతు బిగుసుకుపోతుంది, ఊపిరి అందదు, నిట్టూర్పులు వస్తాయి, కడుపులో ఏమీ లేనట్టు, ఒంట్లో సత్తువ పోయినట్టు ఉంటుంది. ఇంతవరకు చాలామందికి తెలిసినదే. ఆయన గమనించిన మరో సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. ఎవరైనా చూడడానికి రావడం, పోయినవారి ప్రస్తావన తేవడం, సానుభూతి చూపడం, ఇవే ఆ అలను లేపుతాయి. దుఃఖంలో ఉన్నవారు ఈ సంగతిని త్వరగానే పసిగట్టి, మనుషులను తప్పించుకోవడం మొదలుపెడతారు.

కాబట్టి మోగుతున్న ఫోను వైపు చూస్తూ ఎత్తకుండా కూర్చున్న మనిషిని కృతజ్ఞత లేనివాడనడం అన్యాయం. ఆ కాల్ ఎత్తితే ఏమవుతుందో ఒంటికి ముందే తెలుసు. అలాగని అసలు ఎత్తకుండా ఉండిపోవడం కూడా పరిష్కారం కాదు. లిండెమన్ సైతం ఆ తప్పించుకోవడాన్ని ఆరోగ్య లక్షణంగా చూడలేదు. చేయగలిగింది ఒకటుంది. పరామర్శ వచ్చే వేళను కొంతవరకు మన చేతిలోకి తెచ్చుకోవచ్చు. రోజంతా బొట్లు బొట్లుగా వచ్చే కాల్స్‌కు ఎప్పటికప్పుడు బదులిచ్చేకంటే, సాయంత్రం ఒక గంట కేటాయించుకుని మనమే ఫోన్ చేయడం తేలిక. ఏడుపు వస్తే ఆ గంటలోనే వస్తుంది. మిగతా రోజు ఎప్పుడు ఏ మాట వచ్చి తగులుతుందోనన్న బెదురు తగ్గుతుంది.

ఇక ప్రశ్న సంగతి. ‘ఎలా ఉన్నావు?’ అన్న మాటకు అర్థం అడిగే మనిషిని బట్టి మారిపోతుంది. చాలామందికి అది నీ వెంట నేనూ ఉన్నానని చెప్పే ఒక పద్ధతి మాత్రమే. సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి కాక కేవలం అనుబంధాన్ని నిలుపుకోవడానికి మనుషులు మాట్లాడే మాటలుంటాయని మానవశాస్త్రవేత్త బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ 1923లోనే రాశాడు. పరామర్శలో ఎక్కువ పాలు అలాంటిదే. కొందరికి మాత్రం నిజంగా తెలుసుకోవాలని ఉంటుంది. వారు అడిగి ఊరుకుంటారు, మధ్యలో అందుకోరు. మూడో రకం ఇంకొకరు ఉన్నారు. మీరు బాగానే ఉన్నారని వింటే తప్ప వారికి కుదుటపడదు. వారు అడుగుతున్నది తమ నిమ్మది కోసం. దుఃఖంలో ఉన్న మనిషి చేసే పొరపాటు ఏమిటంటే ఈ ముగ్గురికీ ఒకే జవాబు వెతకడం. అందరికీ నిజం చెప్పబోతే అలసట. అందరితోనూ ‘బాగానే ఉన్నాను’ అంటే లోపల ఏదో గుచ్చుకోవడం.

ఆ గుచ్చుకోవడం చిన్న విషయం కాదు. ‘బాగానే ఉన్నాను’ అన్న క్షణంలో అమ్మ పోయినా మనకేమీ కాలేదని చాటినట్టు ఉంటుంది. పైగా ఫోన్ వచ్చిన వేళ ఇంట్లోవారితో ఏదో మాటకు నవ్వుతూ ఉండి ఉంటే, ‘హలో’ అనేలోపు గొంతు దానంతటదే కిందికి దిగిపోతుంది. ఎదుటివారు ఆశించే బరువు మాటలోకి తెచ్చుకుంటాం. నటించామా అన్న అనుమానం తర్వాత పీడిస్తుంది. ఇందులో నటన ఏమీ లేదు. నెదర్లాండ్స్‌కు చెందిన పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం, దుఃఖంలో ఉన్న మనిషి పోయినవారి తలపుల వైపు కొంతసేపు, బతుకు పనుల వైపు కొంతసేపు ఊగుతూనే ఉంటాడు. ఆ ఊగిసలాటే ఆరోగ్యం. పొద్దున ఏడ్చిన మనిషి మధ్యాహ్నం నవ్వడం, సాయంత్రం బీమా కాగితాలు వెతుక్కోవడం, రాత్రి మళ్ళీ ఏడవడం, ఇవన్నీ ఒకే దుఃఖంలో భాగాలు.

అందుకే ‘ఎలా ఉన్నావు?’ అన్న ప్రశ్నకు ఆ పూటకు నిజమైన మాట చెప్పడం మేలు. ‘ఈ రోజు ఫరవాలేదు.’ ‘రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.’ ‘పొద్దున బాగానే గడిచింది, ఇప్పుడే కాస్త దిగులుగా ఉంది.’ ఇలాంటి మాటలు అబద్ధం కావు, అలాగని మనసంతా విప్పి పరచడమూ కాదు. మొత్తం పరిస్థితిని ఒక్క వాక్యంలో తేల్చి చెప్పాల్సిన భారం తప్పుతుంది. అడిగినవారికి కూడా పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. నిద్ర గురించి చెబితే నిద్ర గురించే మాట్లాడతారు. ‘ఏం చెప్పమంటారు, అంతా అయిపోయింది’ అంటే ఎదుటివారికి ఏం చేయాలో తోచక, పాపం, వేదాంతంలోకి దిగుతారు.

‘ఎలా జరిగింది?’ అన్నది మరో రకం ప్రశ్న. మొదటిసారి చెప్పినప్పుడు ఆ కథకు ఒక వరస ఉండదు. ఆసుపత్రికి బయలుదేరే ముందు నాన్న చెప్పుల కోసం వెతికిన సంగతి మధ్యలో వస్తుంది, డాక్టరు అన్న మాట ముందుకీ వెనక్కీ జరుగుతుంది, ఏ రోజు ఏది జరిగిందో తికమక పడతారు. పదిమందికి చెప్పాక కథ నాలుగు వాక్యాలకు కుదించుకుపోతుంది. ‘రాత్రి ఆయాసం వచ్చింది. వెంటనే తీసుకెళ్ళాం. తెల్లవారుజామున గుండె ఆగిపోయింది. బాధ పడలేదన్నారు.’ చెప్పుల సంగతి మాయమైపోతుంది. ఇలా అప్పజెప్పినట్టు చెప్పడం చూసి తమ మనసు మొద్దుబారిపోయిందా అని కొందరు భయపడతారు. ఆ నాలుగు వాక్యాలు పైవారి కోసం తయారైన కథ, అంతే. అది ఉండడం మంచిదే, ప్రతిసారీ ఆ రాత్రిలోకి తిరిగి వెళ్ళనక్కర్లేకుండా కాపాడుతుంది. చెప్పులు, తికమక, ఆసుపత్రి వరండాలో అనుకోని మాటలు, ఇవన్నీ ఉన్న పూర్తి కథ వేరే ఉంటుంది. దాన్ని వినగలిగినవారు ఇద్దరో ముగ్గురో ఉంటే చాలు. మిగతావారు తరచి తరచి అడిగినా ‘ఆ వివరాల్లోకి ఇప్పుడు వెళ్ళలేను’ అనడానికి మొహమాటపడాల్సిన పని లేదు. మందు ఆలస్యంగా ఇచ్చారా, ఇంకో ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్ళలేదు అని ఆరా తీసేవారి దగ్గర అయితే ఈ వాక్యాన్ని ఆలోచించకుండా వాడవచ్చు.

పరామర్శలో అన్నిటికంటే అలసట కలిగించేది ఓదార్చడానికి వచ్చినవారిని ఓదార్చాల్సి రావడం. ఏ సందర్భంలో ఏ భావం ఎంత మోతాదులో చూపాలో సమాజం పెట్టుకున్న నియమాలుంటాయనీ, ఆ నియమాలకు తగ్గట్టు మనసును మలుచుకోవడం కూడా ఒక శ్రమేననీ సామాజికవేత్త ఆర్లీ హాక్‌షైల్డ్ 1979లో వివరించింది. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఆ శ్రమ రెండింతలవుతుంది. సొంత ఏడుపును దిగమింగాలి, ఎదుటివారి ఏడుపును ఊరడించాలి. దీనికి మనస్తత్వవేత్త సూసన్ సిల్క్, ఆమె మిత్రుడు బ్యారీ గోల్డ్‌మన్ 2013లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రికలో ఒక సూత్రం చెప్పారు. కష్టం వచ్చిన మనిషి చుట్టూ వలయాలు గీయండి, దగ్గరివారు లోపలి వలయంలో, దూరపువారు బయటి వలయాల్లో. ఓదార్పు లోపలి వైపుకే వెళ్ళాలి. ఎవరి గోడు వారు తమకంటే బయట ఉన్నవారి దగ్గరే వెళ్ళబోసుకోవాలి. చక్కటి సూత్రం. పదేళ్ళుగా మాటామంతీ లేని పరిచయస్థుడు ఫోన్ చేసి తన దుఃఖమంతా మీ మీద దించుతుంటే, ఫోన్ పెట్టేయడానికి కావలసిన ధైర్యాన్ని ఈ సూత్రం ఇస్తుంది.

అయితే అమ్మానాన్నల విషయంలో వలయాలు అంత తేలిగ్గా గీయడానికి కుదరదు. నాన్న పోయినప్పుడు లోపలి వలయంలో ఎవరున్నారు? కొడుకులు, కూతుళ్ళు అనుకుంటే, దశాబ్దాలు కలిసి బతికిన అమ్మ ఎక్కడ? ఆయన తోడబుట్టినవారు, చిన్ననాటి స్నేహితుడు ఎక్కడ? ఫోన్‌లో వెక్కి వెక్కి ఏడుస్తున్న మేనత్తకు పోయింది అన్నయ్య. ఆమె పరామర్శించడానికి చేసినా, ఆమెనూ ఎవరో పరామర్శించాల్సిందే. ఇలాంటి చోట వలయాల లెక్క పక్కన పెట్టాలి. ఇద్దరు దుఃఖితులు మాట్లాడుకుంటున్నారని ఒప్పుకుంటే చాలు, ఎవరు ఎవరిని ఊరడించాలన్న ప్రశ్నే రాదు. ‘అత్తా, ఇప్పుడు నావల్ల కావడం లేదు, నీకూ కావడం లేదు. రేపు పొద్దున నేనే చేస్తాను’ అనడం ఆమెను దూరం పెట్టడం కాదు. రేపు చేయడం మాత్రం మరచిపోకూడదు.

తల్లిదండ్రుల్లో ఒకరు మిగిలి ఉన్నప్పుడు పిల్లలకు మరో చిక్కు. వచ్చే ప్రశ్నల్లో సగం ‘అమ్మ ఎలా ఉంది?’ అన్నవే. అడగడం సబబే. కానీ రోజూ అదే వింటుంటే తన తండ్రి పోయాడన్న సంగతి ఎవరికీ గుర్తు లేదేమో అనిపిస్తుంది. ‘నువ్వే ధైర్యంగా ఉండాలి, అమ్మను చూసుకోవాలి’ అన్న మాటను మొదట ఎవరు అన్నారో గాని, వినేవారి దుఃఖాన్ని ఒక్క దెబ్బతో ఉద్యోగంగా మార్చేస్తుంది. దీనికి వాదన అక్కర్లేదు. ‘అమ్మ ఫరవాలేదు. నాకే కాస్త కష్టంగా ఉంది’ అని ఒక్కసారి అని చూడాలి. మంచివారైతే అక్కడే సర్దుకుంటారు. అమ్మ గురించి వివరంగా అడిగేవారిని నేరుగా ఆమెతోనే మాట్లాడమనడం ఇంకా మంచిది. తనను గురించి అందరూ పిల్లలనే అడుగుతున్నారని తెలిస్తే ఆమెకూ నచ్చకపోవచ్చు.

నొప్పించే ఓదార్పు సంగతికి వస్తే, అలా మాట్లాడేవారంతా మొరటువారని అనుకోవడానికి వీల్లేదు. రోడ్డు ప్రమాదాల్లో భర్తనో భార్యనో బిడ్డనో పోగొట్టుకున్నవారిని పరిశోధకులు డారిన్ లీమన్, జాన్ ఎలార్డ్, కమీల్ వార్ట్‌మన్ అడిగి తెలుసుకున్న విషయాలు 1986లో వెలువడ్డాయి. సలహాలు ఇవ్వడం, త్వరగా కోలుకోమని తొందరపెట్టడం తమకు సాయపడలేదని బాధితులు చెప్పారు. తమలాంటి కష్టం చూసినవారితో మాట్లాడడం, మనసులోది చెప్పుకునే వీలు దొరకడం సాయపడ్డాయన్నారు. అలాంటి కష్టం ఎరగని మరికొందరిని, ‘మీరైతే ఎలా ఓదారుస్తారు?’ అని అడిగితే వారు చెప్పిన జవాబులు చాలావరకు సరిగ్గానే ఉన్నాయి. అంటే ఏం మాట్లాడాలో మనుషులకు తెలుసు. ఎదురుగా ఏడుస్తున్న మనిషి కనబడేసరికి కంగారులో తెలిసింది కాస్తా తప్పిపోయి, నోటికి వచ్చిన మాట బయటికి వస్తుంది. ఈ సంగతి తెలిసినంత మాత్రాన ఆ మాట తగలకుండా పోదు. కానీ ఆ మనిషి మీద కోపం పెంచుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి ఉపయోగపడుతుంది.

‘పెద్ద వయసే కదా’ అన్నది అలాంటి కంగారు మాటల్లో మొదటిది. దానికి ముందు ‘ఎన్నేళ్ళు?’ అన్న ప్రశ్న వస్తుంది. ఎనభై దాటాయని చెప్పగానే అడిగినవారి ముఖంలో ఒక తేలిక కనిపిస్తుంది, ఈ దుఃఖానికి ఇంత చాలు అని లెక్క తేలినట్టు. సమాజం గుర్తించని, బయటికి చెప్పుకోవడానికి హక్కు దొరకని దుఃఖం ఒకటుంటుందని పరిశోధకుడు కెనెత్ డోకా 1989లో ప్రతిపాదించాడు. వయసు మీరిన తల్లి కోసం యాభై, అరవై ఏళ్ళ బిడ్డ పడే దుఃఖానికి దక్కే చోటు కూడా చాలా ఇరుకే. ఎనభై ఏళ్ళ మనిషి పోయారంటే, ఆ బిడ్డ ఊహ తెలిసినప్పటి నుంచీ ఏ ఒక్క రోజూ లేకుండా ఎరగని మనిషి పోయారని అర్థం. ‘వయసైతే పెద్దదే. నాకు మాత్రం అలవాటు కావడం లేదు’ అన్న జవాబు ఎవరినీ తప్పుపట్టదు, మన దుఃఖాన్ని తగ్గించుకోనూ తగ్గించుకోదు. ‘బాధ నుంచి విముక్తి దొరికింది’ అన్న మాట కొంచెం భిన్నం. ఏళ్ళ తరబడి మంచాన ఉన్న మనిషికి సేవ చేసిన బిడ్డ లోలోపల అదే అనుకుని ఉంటాడు, అనుకున్నందుకు కుమిలిపోయి ఉంటాడు. తాను అనుకోవడం వేరు, ఇంకొకరు వచ్చి చెప్పడం వేరు. అక్కడ తల ఊపి ఊరుకోవడమే సరిపోతుంది.

దుఃఖానికి దశలుంటాయని చెప్పి, మీరు ఏ దశలో ఉన్నారో తేల్చేవారు కూడా తగులుతారు. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో చెప్పిన అయిదు దశలు (నమ్మకపోవడం, కోపం, బేరమాడడం, కుంగుబాటు, ఒప్పుకోవడం) మరణం ఖాయమని తెలిసిన రోగులతో మాట్లాడి రాసినవి. తర్వాత అవి ఆప్తులను పోగొట్టుకున్నవారికీ అంటుకున్నాయి. వరసగా అయిదు మెట్లు ఎక్కకపోతే తనలో ఏదో లోపం ఉందని ఎవరూ దిగులు పడనక్కర్లేదు.

తల్లిదండ్రులతో సఖ్యత లేని పిల్లల పరిస్థితి వేరు. తాగి కొట్టిన తండ్రి, వదిలేసి వెళ్ళిన తల్లి, పిల్లల మధ్య తేడా చూపినవారు కూడా ఒక రోజు పోతారు. పరామర్శకు వచ్చినవారు మాత్రం ‘ఎంత మంచి మనిషి’ అంటారు. వారికి మంచి చేసి ఉండవచ్చు కూడా. అవునంటే అబద్ధం, కాదంటే ఆ రోజుకు తగని రభస. ‘మీకు ఆయన అలా గుర్తున్నారన్నమాట’ అనో, ‘మీరు ఇంత దూరం వచ్చారు, సంతోషం’ అనో వచ్చిన మనిషి గురించే మాట్లాడితే పోయిన మనిషికి యోగ్యతాపత్రం ఇవ్వాల్సిన అవసరం రాదు. అసలు సంగతి తెలిసిన ఒక స్నేహితుడి దగ్గర మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. ఏడుపు రాకపోవడం, కోపం రావడం, ఉన్నట్టుండి ఎందుకో తెలియకుండా దుఃఖం ముంచుకురావడం, ఇవన్నీ అక్కడ చెప్పుకోదగినవే.

ఇప్పుడు అసలైన ప్రశ్న. ‘ఏమైనా కావాలంటే మొహమాటపడకుండా చెప్పు.’ ఈ మాటకు నూటికి తొంభైమంది ‘అలాగే, తప్పకుండా’ అంటారు, ఎప్పటికీ చెప్పరు. ఇచ్చినవారూ తీసుకున్నవారూ ఇద్దరూ దాన్ని మాట వరసకే తీసుకుంటారు. ఈ మొహమాటానికి పునాది గట్టిది కాదు. సాయం అడిగేవారు ఎదుటివారు ఒప్పుకునే అవకాశాన్ని బాగా తక్కువగా అంచనా వేస్తారని పరిశోధకులు ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెసా లేక్ 2008లో ప్రయోగాలు చేసి చూపించారు. పరామర్శకు వచ్చిన మనిషికైతే చేతులు ఊరికే ఉండవు. ఏదో ఒకటి చేయకపోతే వచ్చినట్టే ఉండదు వారికి. పని దొరక్కపోతే సలహాలు ఇస్తారు. అందుకే పని అప్పజెప్పడం ఇద్దరికీ ఊరట. చిన్నదైనా కచ్చితమైన పని చెప్పాలి. ‘ఈ పత్రాలు నకళ్ళు తీయించి పెట్టగలవా?’ ‘నాన్న ఫోన్‌లో ఉన్న నంబర్లకు నువ్వు ఒక్కసారి కబురు చెప్పగలవా?’ ‘గురువారం పిల్లలను బడి నుంచి తీసుకురాగలవా?’ చదువుకున్నవాడికి కాగితాల పని, ఓపిక ఉన్నవాడికి తిరిగే పని, మాటకారికి ఫోన్లు ఎత్తే పని. ఒకరు ఫోన్ల పని మీద వేసుకున్నారంటే ఇంట్లోవారి బరువులో సగం దిగినట్టే.

న్యూయార్క్‌లో న్యాయవాద పరీక్షకు సిద్ధమవుతున్నవారినీ వారి జీవిత భాగస్వాములనూ గమనించి మనస్తత్వవేత్త నియల్ బోల్గర్ బృందం 2000లో ఒక ఆసక్తికరమైన విషయం రాసింది. సాయం అందుతోందని గ్రహించినప్పటికంటే, గ్రహించకుండానే అందిన సాయం ఎక్కువ మేలు చేసిందట. సాయం పొందుతున్నామన్న ఎరుకలోనే నేను ఆధారపడిపోయానన్న చిన్నతనం ఉంటుంది కాబోలు. చప్పుడు చేయకుండా అంట్లు కడిగి వెళ్ళిపోయే మనిషి అందరికీ ఉండరు. ఉన్నవారు ఆ మనిషిని పిలిచి పిలిచి కృతజ్ఞతలు చెప్పకుండా ఊరుకోవడం కూడా ఒక రకం జవాబే.

సాయం విషయంలో చిక్కంతా కాలంతో. పరామర్శ ముందే ముంచెత్తుతుంది, త్వరలోనే ఎండిపోతుంది. మొదటి వారంలో ఇల్లంతా జనం. అప్పుడు మనిషికి ఏం కావాలో తనకే తెలియదు. బ్యాంకు ఖాతా మూసేటప్పుడు, బట్టల బీరువా తెరిచేటప్పుడు, ఆ పేరుతో ఇంకా ఉత్తరాలు వస్తున్నప్పుడు ఎవరూ ఉండరు. కాబట్టి ‘ఏమైనా కావాలా?’ అన్నవారికి మొదటి వారంలో చెప్పదగిన మంచి జవాబు ఇది: ‘ఇప్పుడేమీ తోచడం లేదు. వచ్చే నెల ఒకసారి ఫోన్ చేయి, అప్పుడు నిజంగా అవసరం ఉంటుంది.’ దగ్గరివారైతే ఇంకా తెగించి అడగవచ్చు. ‘నాన్న బీరువా సర్దేటప్పుడు నువ్వు పక్కన ఉండాలి. రోజు నేను చెబుతాను.’ ఇలా అన్నాక ఎదుటివారు మరచిపోతే గుర్తు చేయడానికి కూడా ఒక మాట ఉంటుంది. ‘తప్పకుండా చెబుతాను’ అని పంపేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

రాతలో వచ్చే సందేశాలది తేలికైన వ్యవహారం. చదివినట్టు తెలిస్తే చాలు, జవాబు కోసం గడియారం చూసుకుంటూ ఎవరూ కూర్చోరు. అందరికీ కలిపి ఒకే సందేశం పెట్టడం మర్యాదకు లోపం కాదు. ‘మీ మాటలన్నీ చదివాను. ఒక్కొక్కరికీ విడిగా రాసే ఓపిక ఇప్పుడు లేదు. అమ్మ గురించి మీకు గుర్తున్నవి ఏవైనా ఉంటే రాయండి, తీరికగా చదువుకుంటాను.’ ఇందులో చివరి వాక్యం విలువైనది. సానుభూతి వాక్యాలన్నీ ఒకే పోతగా ఉంటాయి. జ్ఞాపకాలు అలా ఉండవు. అమ్మతో కలిసి పనిచేసిన ఆవిడ, పిల్లలు పుట్టక ముందటి అమ్మను గురించి రాసిన నాలుగు ముక్కలు పిల్లలకు ఇంకెక్కడా దొరకవు. మూడు నెలలకు జవాబిచ్చినా ఆలస్యమేమీ కాదు. ఆపాటికి మిగతావారు మరచిపోయి ఉంటారు కాబట్టి, ఆ ఆలస్యపు జవాబుతోనే మళ్ళీ మాటలు కలుస్తాయి.

ఉద్యోగానికి తిరిగి వెళ్ళే మొదటి రోజును కాస్త ముందే సర్దుకోవచ్చు. నమ్మకస్థుడైన ఒక సహోద్యోగికి చెప్పి పెడితే చాలు: ‘అందరికీ నువ్వే చెప్పు. అక్కడ దాని గురించి అడగకపోతేనే నాకు తేలిక.’ లేదా దానికి పూర్తిగా వ్యతిరేకంగా, ‘అడిగినా ఫరవాలేదని చెప్పు.’ ఎవరికి ఏది నప్పితే అది. ఏ మాటా చెప్పకపోతే ఆ రోజంతా ప్రతి మనిషీ ఒక్కో ముఖం పెట్టుకుని ఎదురవుతాడు, కాఫీ దగ్గర మాటలు ఆగిపోతాయి. ఇక ఏమీ తెలియని మనిషి నెలల తర్వాత తారసపడి, హుషారుగా ‘నాన్నగారు ఎలా ఉన్నారు?’ అంటాడు. ఆ క్షణంలో అడిగినవాడే ఎక్కువ ఇబ్బంది పడతాడు. ‘మార్చిలో పోయారు. మీకు తెలిసే అవకాశం లేదులెండి’ అని రెండు వాక్యాలూ ఒకే ఊపిరిలో అనేస్తే ఇద్దరూ బయటపడతారు.

ఒక్క మాటైనా అనకుండా ఉండిపోయినవారు చాలాకాలం గుర్తుంటారు. వచ్చినవారి కంటే రానివారి పేర్లే ముందు తడతాయి. ఓదార్పు మాట చెప్పబోయేవారు అది ఎదుటివారికి ఎంత నచ్చుతుందో తక్కువగా, ఎంత ఇబ్బందిగా ఉంటుందో ఎక్కువగా ఊహించుకుంటారని మనస్తత్వవేత్త నికొలస్ ఎప్లీ, ఆయన సహపరిశోధకులు 2022లో ప్రచురించారు. ఏం మాట్లాడాలో తెలియక ఆగినవారు, వారం దాటాక ఇప్పుడేం బాగుంటుందని మరీ వెనక్కి తగ్గినవారు ఇందులో చాలామంది. కావలసిన మనిషైతే మనమే ఒక మాట కదపవచ్చు. అందరి విషయంలోనూ ఆ పెద్దమనసు చూపాల్సిన బాధ్యత మాత్రం ఎవరి మీదా లేదు. కొన్ని స్నేహాలు అక్కడితో సరి.

‘లోపల పెట్టుకోకు, బయటికి చెప్పుకుంటే బరువు దిగుతుంది’ అన్నది అందరూ నమ్మే మాట. మాట్లాడాలనిపించినవారికి మాట్లాడే వీలు ఉండాలి, అందులో సందేహం లేదు. కానీ మాట్లాడనివారు కోలుకోరన్నదానికి ఆధారం బలహీనం. భర్తనో భార్యనో కోల్పోయినవారిని రెండేళ్ళపాటు గమనించి మార్గరెట్ స్ట్రోబ్ బృందం 2002లో ప్రచురించిన పరిశోధనలో, తమ భావాలను ఎక్కువగా చెప్పుకున్నవారు మిగతావారి కంటే త్వరగా తేరుకున్న దాఖలా కనిపించలేదు. కాబట్టి పరామర్శకు వచ్చిన ప్రతివారి ముందూ మనసు విప్పాలన్న ఒత్తిడికి లొంగనక్కర్లేదు. ‘నీతో కూర్చుంటే బాగుంటుంది, కానీ దాని గురించి వద్దు. ఇంకేమైనా చెప్పు’ అనవచ్చు. చాలామంది స్నేహితులకు ఈ మాట వింటే ప్రాణం లేచొస్తుంది.

పొట్టి జవాబులు, వాయిదా జవాబులు, అందరికీ కలిపి ఒకే జవాబు, ఇవేవీ పనికిరాని చోటు ఒకటుంది. అది డాక్టరు గది. నెలలు గడిచినా ప్రతిరోజూ అదే తీవ్రతతో బెంగ, పోయిన మనిషి తప్ప మరో ఆలోచన లేకపోవడం, పనులు సాగకపోవడం ఉంటే దాన్ని దీర్ఘకాలిక దుఃఖ రుగ్మతగా వైద్యం ఇప్పుడు గుర్తిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి వ్యాధుల వర్గీకరణలో 2022 నుంచి అమల్లోకి వచ్చిన పదకొండో కూర్పు ఇందుకు కనీసం 6 నెలల గడువు పెట్టింది. అదే ఏడాది మార్చిలో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ సవరించి విడుదల చేసిన మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం పెద్దవారికి 12 నెలలు, పిల్లలకు 6 నెలలు అంది. ఈ గడువు రోగం పేరు పెట్టడానికే, సాయం అడగడానికి కాదు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే, రోజుల తరబడి తిండీ నిద్రా లేకపోతే ఒక్క నెల కూడా ఆగకూడదు. అక్కడికి వెళ్ళాక వచ్చే చిక్కు ఏమిటంటే, అప్పటికి ‘ఫరవాలేదండి’ అనడం నోటికి బాగా అలవాటైపోయి ఉంటుంది. డాక్టరు ‘ఎలా ఉన్నారు?’ అనగానే అదే మాట వచ్చేస్తుంది. అందుకే నిద్ర ఎన్ని గంటలు పడుతోంది, ఏ పనులు ఆగిపోయాయి, ఏ ఆలోచన పదేపదే వస్తోంది అన్నవి ముందు రోజే కాగితం మీద రాసుకుని వెళ్ళాలి. నోరు పెగలకపోతే ఆ కాగితాన్నే డాక్టరు చేతికి ఇవ్వవచ్చు.